డిజిటల్ మార్పులో సంస్థను దాపరికం లేకుండా నడపడం ఎలా: అడుగడుగునా ఒక మార్గదర్శి

సోమవారం పొద్దున అందరినీ పిలిచి, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ అని చెబుతారు. ఎవరూ ఏమీ అడగరు. రెండు గంటల ట్రైనింగ్ అవుతుంది, పాస్‌వర్డ్‌లు చేతికొస్తాయి, పాత రిజిస్టర్లు బీరువాలోకి వెళ్తాయి. మూడు నెలలు పోయాక చూస్తే కొత్త స్క్రీన్‌లో అంకెలు కొడుతూనే, పక్కన ఎవరి ఎక్సెల్ షీటు వాళ్ళు నింపుకుంటూ ఉంటారు. పైవాళ్ళకి ఆ సంగతి తెలియదు. వాళ్ళకి వెళ్ళే రిపోర్టులో అంతా పచ్చగానే ఉంటుంది. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు.

ఆ పక్క షీటు ఎందుకు పుడుతుందో నేను చాలాచోట్ల చూశాను. దాన్ని బద్ధకం అనో, మార్పంటే భయం అనో అంటుంటారు. నాకు కనిపించిన కారణం వేరు. కొత్త పద్ధతిలో ఏది కుదరదో ఆ పని చేసేవాళ్ళకి ముందే తెలుసు. వాళ్ళని అడగలేదు, లేదా అంతా ఖాయమయ్యాక అడిగారు. మొక్కై వంగనిది మానై వంగుతుందా? నా లెక్కలో సంస్థను బహిరంగంగా నడపడం అంటే ఇదే: నిర్ణయం ఇంకా మొక్కగా ఉన్నప్పుడే, దానివల్ల ఎవరి పని మారుతుందో వాళ్ళ ముందు పెట్టడం. మిగతాదంతా దీని కోసం చేసే ఏర్పాట్లే.

ఇరవై మంది ఉన్న సంస్థకైనా రెండు వేల మంది ఉన్నదానికైనా ఈ అడుగులు పనికొస్తాయి. వరస మాత్రం మార్చకండి. చాలామంది నేరుగా ఐదో అడుగుకి దూకి దెబ్బతింటారు.

డిజిటల్ మార్పుకే ఇదంతా ఎందుకు

కాగితాల రోజుల్లో నిబంధన ఒక మనిషి దగ్గర ఉండేది. ఇది ఎందుకు కుదరదని అడిగితే గుమాస్తా సర్క్యులర్ తీసి చూపించేవాడు, లేకపోతే పై ఆఫీసర్ని అడిగి చెబుతాననేవాడు. ఇప్పుడు అదే నిబంధన సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఎక్కడో ఒక టిక్కు. బయటికి వినిపించేది ఒకే మాట: "సిస్టమ్ తీసుకోవట్లేదండీ." ఆ టిక్కు ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఏ కారణంతో? అడగడానికి ఎదురుగా మనిషి లేడు. పెట్టిన కాంట్రాక్టర్ ఈపాటికి ఇంకో ప్రాజెక్టులో ఉంటాడు. నిర్ణయాలు కంటికి కనిపించని చోటికి వెళ్ళిపోతున్నప్పుడు వాటిని బయట పెట్టే పని ఎవరో ఒకరు పట్టుబట్టి చెయ్యాలి. నడిపేవారే చెయ్యాలి.

మొదటి అడుగు: ఏది చూపించరో ముందు రాయండి

వింతగా అనిపించవచ్చు కానీ మొదలుపెట్టాల్సింది ఇక్కడే. "మా దగ్గర అంతా ఓపెన్" అని ప్రకటించిన సంస్థలో మొదటి నెలలోనే ఎవరిదో జబ్బు వివరాలో, ఎవరి మీదో వచ్చిన ఫిర్యాదో బయటపడుతుంది. ఆ దెబ్బతో తలుపులన్నీ మళ్ళీ మూసుకుంటాయి.

ఒక పేజీ తీసుకుని మూడు అరలు గీయండి. మొదటి అరలో సంస్థలో ఎవరైనా చూడగలిగేవి: ప్రణాళికలు, చిత్తు ప్రతిపాదనలు, ప్రాజెక్టుల పురోగతి, సమావేశాల సారాంశాలు, సిస్టమ్‌లో తెలిసిన లోపాలు. రెండో అరలో సంబంధిత బృందం మాత్రమే చూసేవి: బేరసారాలు నడుస్తున్న కాంట్రాక్టులు, ఇంకా సరిచేయని భద్రతా లోపాలు. మూడో అరలో మూసి ఉంచేవి: వ్యక్తుల ఆరోగ్యం, క్రమశిక్షణ చర్యలు, ఖాతాదారుల సమాచారం, పాస్‌వర్డ్‌లు. రెండో అరకీ మూడో అరకీ ఒక షరతు ఉంది. ఎందుకు మూశారో ఒక్క వాక్యంలో రాయాలి, వీలైతే ఎప్పుడు తెరుస్తారో కూడా. "కాంట్రాక్టు సంతకం అయ్యేదాకా" అని రాస్తే జనం అర్థం చేసుకుంటారు. ఏమీ రాయకపోతే ఊహలు మొదలవుతాయి.

ఈ పేజీతో అసలు మారేది ప్రశ్న. ఇంతకుముందు ఏదైనా చూపించాలంటే "ఎందుకు చూపించాలి?" అని అడిగేవారు. ఇకనుంచి దాచాలనుకున్నవారే కారణం చెప్పుకోవాలి.

జీతాల సంగతి తప్పకుండా వస్తుంది. సోషల్ మీడియా పోస్టుల సాఫ్ట్‌వేర్ చేసే బఫర్ అనే చిన్న కంపెనీ 2013 డిసెంబరులో తన ఉద్యోగులందరి జీతాలనూ, వాటిని లెక్కగట్టే సూత్రంతో సహా, ప్రపంచమంతా చూసేలా పెట్టేసింది. చూసి ముచ్చటపడండి కానీ అక్కడ మొదలుపెట్టకండి. వాళ్ళు అంకెలతో పాటు సూత్రాన్నీ పెట్టగలిగారు. ఎవరికి ఎందుకు ఎంతో చెప్పగల సూత్రమే లేని చోట అంకెలు బయటపెడితే మిగిలేది తగాదా. ముందు సూత్రం రాయండి, దాన్ని చూపించండి. అంకెల సంగతి తర్వాత.

రెండో అడుగు: మాట ఎక్కడ పడితే అక్కడ తేలకూడదు

వాట్సాప్ గ్రూపులో ఒక నిర్ణయం, లిఫ్టులో ఒకటి, ఫోన్లో ఇంకొకటి. వారం తర్వాత "అప్పుడే అనుకున్నాం కదా" అని ఒకరు, "నాకెవరూ చెప్పలేదు" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ప్రోగ్రాము కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రపంచంలో దీనికి పాత మందు ఒకటి ఉంది. 1999లో ఏర్పడిన అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో వేర్వేరు దేశాల్లో, వేర్వేరు వేళల్లో పనిచేసే స్వచ్ఛంద ప్రోగ్రామర్లు కలిసి నడుస్తారు. వాళ్ళ నియమం సూటిగా ఉంటుంది: మెయిలింగ్ లిస్టులో, అంటే రాసిన ఈమెయిల్ సభ్యులందరికీ ఒకేసారి చేరే చోట, జరగనిది జరగనట్టే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఏమైనా మాట్లాడుకోవచ్చు, కానీ అది లిస్టుకి వచ్చి, మిగతావాళ్ళకి నోరు విప్పే అవకాశం దొరికేదాకా నిర్ణయం కాదు.

మీకు మెయిలింగ్ లిస్టే కావాలని లేదు. అందరికీ తెరుచుకునే ఒక ఫోల్డరు, అందులో ఒక్కో నిర్ణయానికి ఒక్కో పేజీ చాలు. ఏ టూల్ కొనాలా అని నెల రోజులు చర్చించకండి, ఉన్నదాంట్లోనే చేయండి. పేజీ ఎలా ఉండాలో మాత్రం పట్టుదలగా ఉండండి. ఒక నమూనా:

విషయం: సెలవు దరఖాస్తులను కాగితం నుంచి యాప్‌లోకి మార్చడం.
ఎందుకు: దరఖాస్తు ఏ బల్ల మీద ఆగిందో ఎవరికీ తెలియడం లేదు.
తెలిసింది: నెలాఖరులో దరఖాస్తులు ఒక్కసారిగా వచ్చి పడతాయి.
తెలియనిది: రాత్రి షిఫ్టు వాళ్ళ దగ్గర ఆఫీసు ఫోన్లు లేవు. వాళ్ళెలా పెట్టుకుంటారు?
చూసిన దారులు: కొత్త యాప్, ఇప్పుడున్న ఈమెయిల్‌లోనే ఒక ఫారం, ఏమీ మార్చకపోవడం.
ఇప్పటికి మొగ్గు: ఈమెయిల్ ఫారం.
నిర్ణయించేది: హెచ్ఆర్ మేనేజర్.
అభ్యంతరాలకు గడువు: గురువారం సాయంత్రం.
వెనక్కి తీసుకోగలమా: అవును. మొదటి 2 నెలలు కాగితం కూడా చెల్లుతుంది.
మళ్ళీ చూసే రోజు: మొదలుపెట్టాక 60వ రోజు.

ఇందులో రెండు గడులు చాలామంది ఖాళీగా వదిలేస్తారు: "తెలియనిది", "నిర్ణయించేది". మొదటిది రాయడానికి బిడియం, రెండోది రాయడానికి భయం. "తెలియనిది" గడి ఖాళీగా ఉంటే చదివేవాళ్ళకి అర్థమయ్యేది ఒకటే: వీళ్ళు అంతా ఖాయం చేసేసుకున్నారు, మన మాట దేనికి?

తిరస్కరించిన పేజీలను పారేయకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేయాలనుకున్న మార్పులను 2000 నుంచి పెప్ అనే ప్రతిపాదనా పత్రాలుగా రాస్తున్నారు. ఒప్పుకోనివి కూడా తిరస్కరించినట్టు ముద్రపడి, చాలావరకు కారణంతో సహా, అందరికీ కనిపించేలా ఉంటాయి. అదే ఆలోచనతో ఐదేళ్ళ తర్వాత ఇంకొకరు వస్తే పాత చర్చ చూపించవచ్చు. మీ దగ్గర కూడా, "అప్పట్లో ఎందుకు వద్దనుకున్నాం?" అనే ప్రశ్నకి జవాబు ఇప్పుడు ఎవరో ఒక సీనియర్ బుర్రలో మాత్రమే ఉంది. ఆయన రిటైరైతే అదీ పోతుంది.

మూడో అడుగు: చిత్తుప్రతి చూపించండి, కానీ మౌనాన్ని అంగీకారం అనుకోకండి

అపాచీ వాళ్ళదే ఇంకో పద్ధతి. ప్రతిపాదన పెట్టి సాధారణంగా 72 గంటలు ఆగుతారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. వారాంతం, గడియారాల తేడాలు అన్నీ కలిసొచ్చేలా పెట్టుకున్న గడువది. చదవగానే మన దగ్గర కూడా పెట్టేద్దాం అనిపిస్తుంది.

ఆగండి. అక్కడ వద్దు అన్న మనిషి పోగొట్టుకునేది ఏమీ లేదు. మీ దగ్గర వద్దు అనాల్సిన మనిషి ఇంక్రిమెంటు మీ చేతిలో ఉంది. ఆయన మౌనానికి వంద అర్థాలుంటాయి, వాటిలో ఒప్పుకోవడం ఒకటి మాత్రమే. కాబట్టి ఆ పద్ధతి తీసుకునే ముందు మూడు పనులు చేయాలి.

ఒకటి, పెద్దవాళ్ళు చివర మాట్లాడాలి. డైరెక్టర్ మొదటి కామెంటుగా "చాలా బాగుంది" అని రాశారంటే ఆ పేజీ మీద చర్చ ముగిసినట్టే. రెండు, "అభిప్రాయం చెప్పండి" అని గాల్లోకి అడగకుండా ఫలానా పని చేసేవారిని పేరుపెట్టి అడగండి, అదీ ఇలా: "ఇది అమల్లోకి వస్తే మీ పనిలో మొదట ఏది ఆగిపోతుంది?" నచ్చిందా అని అడిగితే నచ్చిందనే చెబుతారు. ఏది ఆగిపోతుందని అడిగితే పని గురించి చెబుతారు. మూడు, మొదటి కొన్ని నెలలు పేరు లేకుండా రాసే దారి కూడా ఉంచండి.

ఈ మూడింటికంటే బలంగా పనిచేసేది ఇంకొకటి ఉంది. అది మీ చేతిలో పని. నేను పనిచేసిన ఒక చోట స్టాకు లెక్కకి టచ్ స్క్రీన్ పరికరాలు కొనాలని ప్రతిపాదన పెట్టారు. వారం రోజులు ఒక్క కామెంటు లేదు. చివరికి స్టోర్ కీపర్ ఒకాయన రెండు లైన్లు రాశాడు: చల్లగదిలో చేతి తొడుగులు వేసుకుంటాం, తొడుగుతో ఆ స్క్రీన్ పలకదు. దాని కిందే మా పై అధికారి, "నాకిది తట్టలేదు. కొనుగోలు ఆపుతున్నాను, మీరూ నేనూ రేపు చల్లగదిలో చూద్దాం" అని రాశారు. తర్వాతి ప్రతిపాదనకి పేజీ నిండిపోయింది. ఆ రెండు లైన్లు చేసిన పని వంద టౌన్‌హాల్ మీటింగులు చేయలేవు.

అందరూ ఒప్పుకునేదాకా ఆగాలా? అక్కర్లేదు. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో ఓట్లు లెక్కపెట్టరు. గదిలో ఉన్నవారి మొగ్గు తెలుసుకోవడానికి, చేతులెత్తమనే బదులు "మ్‌మ్‌" అని గొంతులో మూలగమంటారు. ఎవరు ఎటున్నారో కనిపించదు, మొగ్గు మాత్రం వినిపిస్తుంది. 2014లో వాళ్ళు ఆ పద్ధతిని వివరిస్తూ రాసుకున్న పత్రంలో తేల్చింది ఇది: చెప్పిన ప్రతి అభ్యంతరానికీ నిజాయితీగా సమాధానం దొరికిందా అన్నదే ముఖ్యం, ఎంతమంది అటూ ఇటూ అన్నది కాదు. ఐదుగురు అటు, వందమంది ఇటు ఉన్నా సరే, ఆ వందమంది అభ్యంతరానికీ సరైన జవాబు ఉంటే ముందుకి వెళ్ళవచ్చు. మీ పేజీలో కూడా ప్రతి అభ్యంతరం కింద ఒక వాక్యం ఉండాలి: ఒప్పుకున్నాం, ఇలా మార్చాం, లేదా ఒప్పుకోలేదు, ఎందుకంటే ఇది. తన మాట నెగ్గకపోయినా విన్నారని తెలిసిన మనిషి తర్వాత కలిసి పనిచేస్తాడు. పట్టించుకోలేదనుకున్న మనిషి పక్క షీటు తెరుస్తాడు.

"ఇలాగైతే పనులు తెమలవు" అంటారు. ప్రతిదానికీ ఇది చేస్తే నిజంగానే తెమలవు. వెనక్కి తీసుకోగలిగే చిన్న నిర్ణయాలు చేసేసి, ఆ రోజే రాసిపెట్టండి. వెనక్కి తీసుకోలేనివాటికీ, ఎక్కువమంది రోజువారీ పని మార్చేవాటికీ మాత్రం ఈ గడువులు పాటించండి.

నాలుగో అడుగు: ఫిర్యాదుల జాబితా అందరికీ కనిపించాలి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే వేయగలిగితే ఇది వేయండి.

బ్రిటన్ పోస్టాఫీసు 1999లో తన శాఖల్లో హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థను పెట్టడం మొదలుపెట్టింది. దాన్ని నడిపింది ఫుజిట్సు. అక్కడ చాలా శాఖలను నడిపేది సబ్ పోస్ట్‌మాస్టర్లు, అంటే పోస్టాఫీసు ఉద్యోగులు కాకుండా ఒప్పందం మీద శాఖ నడుపుకునేవాళ్ళు. సాయంత్రం లెక్క చూస్తే సిస్టమ్ చెప్పిన మొత్తానికీ గల్లాపెట్టెలో ఉన్నదానికీ పొంతన కుదిరేది కాదు. లోటు వాళ్ళే కట్టాలని పోస్టాఫీసు పట్టుబట్టింది. కొందరు అప్పులు చేసి కట్టారు, కొందరు దివాలా తీశారు, కొందరు జైలుకి వెళ్ళారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. చివరికి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి పార్లమెంటు 2024 మే నెలలో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు ఉండటం వింత కాదు, అన్నిటిలోనూ ఉంటాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మొరపెట్టుకున్నవాళ్ళలో చాలామందికి వచ్చిన జవాబు, ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది అని. వాళ్ళు నమ్మారు. నేనే ఎక్కడో తప్పు చేసి ఉంటాననుకున్నారు. తెలిసిన లోపాల చిట్టా ఒకటి ఫుజిట్సు దగ్గర ఉండేది, కౌంటర్లో కూర్చున్న మనిషికి అది కనిపించేది కాదు. 2009లో కొంతమంది బాధితులు ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో కలుసుకున్నారు. ఒకరి కథ ఒకరు విన్నారు. ఒంటరివాళ్ళం కాదని అక్కడ కళ్ళారా చూశారు. అప్పటికి పదేళ్ళు గడిచిపోయాయి.

అందరికీ కనిపించే జాబితా ఒకటి ఉంటే "మీ ఒక్కరికే" అనే మాట ఎవరూ అనలేరు. కాబట్టి కొత్త సిస్టమ్ మొదలయ్యే రోజునే ఈ ఏర్పాటు చేయండి:

ఒకే జాబితా. ఎవరైనా రాయవచ్చు, అందరూ చదవవచ్చు. ఏ స్క్రీన్‌లో, ఎప్పుడు, ఏం చేస్తుంటే, ఏమైంది. పాత ఫిర్యాదు కింద "నాకూ ఇలాగే అయింది" అని చేర్చే వీలుండాలి. ఆ "నాకూ" లెక్క మీకు ఏ డ్యాష్‌బోర్డూ చెప్పని సంగతి చెబుతుంది.

ప్రతి ఫిర్యాదుకీ ఒక స్థితి, ఒక పేరు, ఒక తేదీ. "పరిశీలనలో ఉంది" అనే మాటను నిషేధించండి. ఎవరు చూస్తున్నారు, మళ్ళీ ఎప్పుడు చెబుతారు, అంతే రాయాలి.

మూసే హక్కు ఫిర్యాదు చేసినవారిది. సరిచేశామని ఐటీ విభాగం చెబుతుంది, సరైందని వాడేవారు చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీతో చేసుకునే ఒప్పందంలో ఒక షరతు తప్పకుండా రాయించండి: వాళ్ళకి తెలిసిన లోపాల జాబితా మీకూ చూపించాలి, మీ డేటాను బయటినుంచి ఎవరు ఎప్పుడు తాకినా దాని చిట్టా మీ దగ్గర ఉండాలి. సంతకానికి ముందు అడిగితే ఇస్తారు. తర్వాత అడిగితే లాయర్లు జవాబిస్తారు.

ఇక చివరిది, డబ్బు గానీ ఉద్యోగం గానీ పోయే విషయంలో కంప్యూటర్ ఒక మాట, మనిషి ఒక మాట చెబితే, కంప్యూటర్ మాటకి కూడా ఆధారం అడగాలి. ఈ నియమం రాతలో ఉండాలి. పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కన నడపమని నేను పట్టుబట్టేది అందుకే. ఖర్చు రెట్టింపు అవుతుందని ఫైనాన్స్ వాళ్ళు గొణుగుతారు. గొణగనివ్వండి.

ఆపే హక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టొయోటా కార్ల తయారీలో లైను మీద పనిచేసేవారి తలపైన ఒక తాడు ఉండేది. లోపం కనిపిస్తే ఎవరైనా దాన్ని లాగవచ్చు. లాగగానే టీమ్ లీడర్ వస్తాడు, ఆ మజిలీ పూర్తయ్యేలోగా సమస్య తేలకపోతే లైను ఆగుతుంది. మీ మార్పులో ఆ తాడు ఏది? అమలును ఒక రోజు ఆపమనే హక్కు ఎవరెవరికి ఉంది? జవాబు "డైరెక్టర్‌కి" అయితే తాడు లేనట్టే.

ఐదో అడుగు: పగిలినప్పుడు పగిలిందని చెప్పడం

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు ఏదో ఒకటి పడిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా, ఆ రోజు ఎలా మాట్లాడాలో ముందే అనుకోండి.

2017 జనవరి 31 రాత్రి ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైటు నడిపే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాను తుడిచేశాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు, కానీ దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 మాత్రమే. బ్యాకప్‌లు చూస్తే ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచేయడం లేదు. బ్యాకప్ విఫలమైందని హెచ్చరించే ఈమెయిళ్ళు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం పోయింది.

కంపెనీ పరువు పోయే సంగతే. అయినా వాళ్ళు తమ లోపలి నోట్సును జరుగుతుండగానే అందరికీ తెరిచారు, మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాత రాసిన నివేదికలో ఆ ఇంజనీరు పేరు లేదు, ఒకటో నంబరు టీమ్ సభ్యుడు అని మాత్రమే ఉంది. అయిదు బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో మాత్రం పేజీల కొద్దీ ఉంది. ఏది తెరవాలో ఏది మూయాలో ఇంత చక్కగా చూపించిన ఉదాహరణ నాకు ఇంకొకటి తట్టదు.

మీరు యూట్యూబ్ దాకా వెళ్ళక్కర్లేదు. మొదటి గంటలో నాలుగు వాక్యాలు పంపండి: ఏం పనిచేయడం లేదు, ఎవరి మీద ప్రభావం, ఇప్పుడు ఏం చేస్తున్నాం, మళ్ళీ ఎన్ని గంటలకి చెబుతాం. చెప్పిన వేళకి కొత్త సంగతి ఏమీ లేకపోయినా, లేదనే చెప్పండి. టెన్షన్ పెరిగేది చెడ్డ వార్త వల్ల కాదు, వార్త రాకపోవడం వల్ల.

లోపల పని ఎలా నడపాలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు, హెల్త్‌కేర్.గవ్, నేర్పింది. 2013 అక్టోబరు 1న తెరిచిన ఆ సైటులో మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినది ఆరుగురు. దాన్ని బాగుచేయడానికి వచ్చిన బృందం గోడకి మూడు నియమాలు అంటించింది. మీటింగు ఉన్నది సమస్య తీర్చడానికి, తప్పు ఇంకొకరి మీదికి నెట్టడానికి వేరే చోట్లు బోలెడున్నాయి. ఆ విషయం బాగా తెలిసినవారే మాట్లాడాలి, పెద్ద హోదా ఉన్నవారు కాదు. రాబోయే 24 నుంచి 48 గంటల్లో దెబ్బతీసేవే ముందు చూడాలి. రెండో నియమం కాగితం మీద తేలిక. గదిలో మీ పై అధికారి కూర్చుని ఉండగా అమలు చేసి చూడండి.

అంతా సద్దుమణిగాక, వారంలోపు, ఏం జరిగిందో వేళలతో సహా రాయండి. "ఎవరు చేశారు" అనే ప్రశ్న తీసేసి "ఆ క్షణంలో అలా చేయడం సరైనదేనని ఆ మనిషికి ఎందుకు అనిపించింది" అని అడగండి. రెండు సర్వర్ల తెరలు ఒకేలా ఉండటం లాంటి కారణాలు అప్పుడే బయటికొస్తాయి.

ఆరో అడుగు: అద్దం పైకి తిప్పండి

ఇక్కడ చాలా సంస్థలు దారి తప్పుతాయి. పారదర్శకత పేరుతో ఎవరు ఎన్ని గంటలు ఆన్‌లైన్‌లో ఉన్నారు, ఎన్ని క్లిక్కులు కొట్టారు అని గోడ మీద పెడతారు. అది నిఘా. కింద ఉన్నవారు పైకి కనిపించడం ఎప్పుడూ ఉన్నదే, కొత్తేమీ లేదు. పైన ఉన్నవారు కిందికి కనిపిస్తేనే మార్పు.

మీ ప్రాజెక్టుకి అనుకున్న ఖర్చు ఎంత, అయింది ఎంత? ఏ గడువు తప్పింది? మీరు ఏ నిర్ణయం తప్పుగా తీసుకున్నారు? ఇవి మొదట పెట్టండి, నెలకి ఒక పేజీ. మీ పేజీలో ఒక్క తప్పూ లేకపోతే ఇంకెవరూ తమ తప్పు రాయరు.

కృత్రిమ మేధ టూల్స్ పెడుతున్నవారికి ఇంకొక పేజీ కావాలి: ఏ పనిలో వాడుతున్నాం, ఏ సమాచారం ఇస్తున్నాం, అది సూచిస్తుందా, నిర్ణయిస్తుందా, చివరి సంతకం ఎవరిది, కాదనుకుంటే ఏ మనిషిని కలవాలి. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం 22వ అధికరణ, మనిషి జోక్యం లేకుండా పూర్తిగా యంత్రమే తీసుకునే నిర్ణయాలు ఒకరి మీద చట్టపరంగానో, అంత తీవ్రంగానో ప్రభావం చూపేవైతే, కొన్ని మినహాయింపులతో, వాటికి లోబడకుండా ఉండే హక్కు ఇచ్చింది. మీకు ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా, ఆ పేజీలో "ఏ మనిషిని కలవాలి" అనే గడిలో ఒక పేరు ఉండాలి. "సపోర్ట్ టీమ్" అని కాదు, పేరు.

మొదలుపెట్టే వరస

మొదటి వారం మూడు అరల పేజీ. రెండో వారం ఒకే ఒక్క నిర్ణయాన్ని, మరీ పెద్దది కానిదాన్ని, నమూనా పేజీలో పెట్టి చూడండి. మూడో వారానికి ఫిర్యాదుల జాబితా తెరవండి, పాత సిస్టమ్ మీదైనా సరే, కొత్తది వచ్చేదాకా ఆగక్కర్లేదు. నెలాఖరుకి మీ తప్పుల పేజీ. ఆరు నెలలకోసారి ఎవరూ చదవని పేజీలను గుర్తించి, రాయడం మానేయండి. లేకపోతే చదవాల్సినవి చెత్తలో కలిసిపోతాయి.

మొదటి రెండు నెలల్లో ఫిర్యాదుల సంఖ్య పెరుగుతుంది. పై బోర్డు కంగారుపడి, మార్పు విఫలమైందా అని అడుగుతుంది. అప్పుడు వాళ్ళకి చూపించడానికి ఒక సంగతి దగ్గర పెట్టుకోండి. 1990లలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని వెళ్ళింది. లెక్క తీస్తే వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ పొరపాటును భయం లేకుండా చెప్పుకోగలుగుతున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. కాబట్టి జాబితా నిండుతుంటే కంగారుపడకండి. నెల గడిచినా అది ఖాళీగా ఉంటే మాత్రం కుర్చీలోంచి లేచి, కౌంటర్ల దగ్గరికి నడిచి, ఎవరి స్క్రీన్ పక్కన ఎక్సెల్ షీటు తెరిచి ఉందో చూసి రండి.